పదిహేను నెలలు ఆగిన బాప్తిస్మాలు

(రేడియో ప్రసంగ పాఠం)



తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఒక మాట తరచుగా వింటూ ఉంటాం. "మన బలం ఏముందండీ, అంతా ఆయన బలమే" అని. వీసా ఇంటర్వ్యూకి బయలుదేరే కుర్రాడికి ఊళ్ళో పెద్దవాళ్ళు ఫోన్లో చెప్పే మాట అదే. ఆపరేషన్ ముందు రోజు ఇంటికొచ్చి ప్రార్థన చేసే పాస్టరు గారు చెప్పేదీ అదే. చెప్పడం తేలిక. ఆచరణలో ఆ మాటకు అర్థం ఏమిటి? చేతులు కట్టుకుని కూర్చోవడమా? లేక చేయవలసినదంతా మనమే చేసుకుని, పని అయ్యాక పేరు మాత్రం దేవుడికి ఇవ్వడమా? నేను పాస్టరుని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. వేదాంతం చెప్పే అర్హత నాకు లేదు. చరిత్ర మీద ఇష్టం కొద్దీ చదువుకున్న ఒక సంగతి చెబుతాను. ఇది మన ఒంగోలులో జరిగింది. క్రైస్తవులు కాని శ్రోతలు కూడా కొంచెంసేపు ఓపిక పట్టండి, ఇందులో మన కోస్తా చరిత్ర చాలానే ఉంది.

కథ మీలో చాలామంది వినే ఉంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు మనుషులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూడికల్లో ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి, "చూశారా ప్రార్థన శక్తి" అని ముగించేస్తారు. మధ్యలో ఇరవై నాలుగేళ్ళు ఉన్నాయి కదండీ. అవి ఎక్కడికి పోయాయి? ఆ ఇరవై నాలుగేళ్ళలో ఎవరేం చేశారు, ఏం చేయకుండా ఆగారు అన్న దగ్గరే అసలు విషయం ఉందని నాకు అనిపిస్తుంది.

కొంచెం వెనక నుంచి మొదలుపెడదాం. ఒరిస్సాలో పనిచేస్తున్న ఏమస్ సట్టన్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు మిషనరీ, తెలుగువాళ్ళ దగ్గరికి కూడా ఎవరినైనా పంపమని అమెరికా బాప్టిస్టులను అడిగాడు. వాళ్ళు పంపిన శామ్యూల్ డే 1836లో మన దేశంలో దిగాడు. ఉత్తర కోస్తాలో కొన్నాళ్ళు, మద్రాసులో కొన్నాళ్ళు గడిపి 1840లో నెల్లూరు చేరాడు. తెలుగు నేర్చుకున్నాడు, బజార్లలో మాట్లాడాడు, బడులు పెట్టాడు. జబ్బుపడి వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ 1849లో లైమన్ జ్యుయెట్ దంపతులతో కలిసి వచ్చాడు. ఇంత చేసినా సంఘంలో మనుషుల లెక్క ఏళ్ళు గడిచినా కొన్ని పదులకు మించలేదు. అదే సమయంలో అదే అమెరికన్ బాప్టిస్టులకు బర్మాలో కరెన్ ప్రజల మధ్య వేలల్లో ఫలితం కనపడుతోంది. రెండు లెక్కలూ ఒకే బల్ల మీదికి వచ్చినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు.

1853లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీలో వాళ్ళ వార్షిక సభ జరిగింది. నెల్లూరు మూసేద్దామా అన్నది చర్చ. గోడకు ప్రపంచ పటం ఉంది, మిషన్ స్టేషన్లకు నక్షత్రం గుర్తులు పెట్టారు. బర్మా వైపు నక్షత్రాల గుంపు, ఇటు తెలుగు దేశం మీద ఒకే ఒక్కటి. ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి దాని మీద పద్యం రాశాడు. ఇక్కడ మన పిల్లలు స్కూల్లో పాడే "అమెరికా" అనే దేశభక్తి గీతం రాసింది కూడా ఆయనే. మర్నాడు పద్యం చదివారు, జనం కళ్ళు తుడుచుకున్నారు, నెల్లూరు బతికిపోయింది. మా సాఫ్ట్‌వేర్ రంగంలో అయితే పదిహేడేళ్ళు నడిచి ఫలితం చూపని ప్రాజెక్టుకి చర్చ కూడా ఉండదు, శుక్రవారం సాయంత్రం ఒక ఈమెయిల్ వస్తుంది, అంతే.

ఒంగోలు కొండ మీది ప్రార్థన దీని తర్వాత కొద్ది నెలలకే. జ్యుయెట్ దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు: జూలియా, రూతు, నర్సు. ఈ ముగ్గురి గురించి మనకు ఎక్కువ మాటలు మిగలకపోవడం ఈ చరిత్రలో నాకు నచ్చని సంగతి. దొరల ఉత్తరాలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ చీకట్లో వాళ్ళతో పాటు రాళ్ళ మీద నడిచి కొండెక్కిన జూలియా ఏమనుకుందో మాత్రం తెలియదు. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని వాళ్ళు అడిగారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఈలోగా 1862లో మళ్ళీ మూసివేత మాట వచ్చింది. జ్యుయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వచ్చి ఉన్నాడు. మీరు పంపకపోతే నేనే వెళ్తాను, అక్కడే చచ్చిపోతాను అన్నాడట. అలాగైతే పాతిపెట్టడానికైనా ఇంకొకరిని పంపాలి కదా అని సెక్రటరీ అన్నాడని చెబుతారు. ఆ ఇంకొకడు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో, అంటే డే గారు మన దేశంలో దిగిన ఏడాదే పుట్టినవాడు. 1864 చివర్లో బోస్టన్‌లో ఓడ ఎక్కి 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగాడు, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

క్లౌ దొర గురించి ఒక మాట చెప్పాలి. ఆయన "నాకేమీ చేతకాదు ప్రభువా" అని కూర్చునే రకం కాదు. కుర్రతనంలో మిన్నెసోటా ప్రాంతంలో భూముల సర్వే చేసిన మనిషి. గొలుసు పట్టి కొలవడం, మనుషులను కూడగట్టి పని చేయించడం, లెక్క రాయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఊళ్ళను జాబితా వేసుకుని, ఏ బోధకుడు ఎటు వెళ్ళాలో పంచి, కొన్ని నెలలకోసారి అందరినీ పిలిచి నివేదికలు వినేవాడు. మనవాళ్ళు చూస్తే మంచి ప్రాజెక్ట్ మేనేజర్ అంటారు. అలాంటి బలమున్నవాడికి "నీ బలం కాదు" అన్న మాట ఎప్పుడు, ఎలా ఎదురైంది అన్నదే చూడాలి.

రెండుసార్లు ఎదురైంది.

మొదటిది బడి దగ్గర. ఒంగోలులో అగ్రవర్ణాల పిల్లల కోసం క్లౌ బడి పెట్టాడు. ఊరి పెద్దలు సాయం చేశారు, బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు వచ్చారు. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళే వస్తారన్నది ఆనాటి మిషనరీల్లో చాలామంది నమ్మిన సూత్రం. లెక్క ప్రకారం సరైన ప్రణాళికే. సరిగ్గా అప్పుడే పేరయ్య తలుపు తట్టాడు.

ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమరగా ఉన్న తాళ్ళకొండపాడు మనిషి. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం. ఆయన ఎవరో తెచ్చిపెట్టిన దేవుణ్ణి అమాయకంగా పుచ్చుకున్నవాడు కాడు. అప్పటికే వీరమ్మ అనే ఒక స్త్రీ గురువు దగ్గర యోగమార్గం నేర్చుకుని, విగ్రహాలు వదిలి, రూపం లేని దేవుడి గురించి తన వాళ్ళకు బోధిస్తున్నాడు. తోళ్ళ పని మీద ఏలూరు వెళ్ళినప్పుడు అక్కడ క్రైస్తవుడైన ఒక బంధువు ద్వారా, ఆలెగ్జాండర్ అనే ఆంగ్లికన్ మిషనరీ ద్వారా క్రీస్తు సంగతి విన్నాడు. మీ దగ్గర్లో ఒంగోలుకి దొర వస్తాడు, ఆయన్ని కలువు అన్నారు. పేరయ్య ఒంగోలు నడిచి వెళ్ళాడు, ఇంకా ఎవరూ రాలేదు, తిరిగి నడిచి వచ్చాడు. చివరికి 1866లో ఆయనా, భార్య నాగమ్మా జ్యుయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. మర్నాటి సంవత్సరం జనవరిలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో దిగితే, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం అన్నం మూటలతో వచ్చి కూర్చున్నారు. ఐదు రోజుల్లో 28 మంది బాప్తిస్మం అడిగి తీసుకున్నారు. డే, జ్యుయెట్ ఇద్దరి ఇన్నేళ్ళ కష్టానికి దాదాపు సమానమైన లెక్క అది. అది చేసింది క్లౌ కాదు, ఇల్లిల్లూ తిరిగిన పేరయ్య.

ఇలా మారిన మాదిగలు ఒంగోలు మిషన్ ఆవరణలోకి రావడం మొదలైంది. బడి పెద్దలు స్పష్టంగా చెప్పేశారు: వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు ఉండరు.

ఇక్కడ క్లౌ స్వయంగా చెప్పిన సంఘటన ఒకటుంది. ఏం చేయాలో తోచక ఒంటరిగా కూర్చుని, పక్కనున్న పుస్తకాల దొంతరలోంచి ఒక బైబిలు తీశాడు. తెరిచిన చోట కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం వచ్చింది. జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశస్థులు అనేకులు పిలువబడలేదనీ, లోకం బలహీనమని తీసిపారేసిన వాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడనీ పౌలు చెప్పే భాగం. ఇంకో గదిలో ఉన్న భార్య హారియెట్ కూడా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, అదే భాగం తెరిచిందట. దీన్ని అద్భుతం అనే వాళ్ళు అనుకోండి, యాదృచ్ఛికం అనే వాళ్ళు అనుకోండి. నాకు ముఖ్యమైంది తర్వాత జరిగింది. వాళ్ళు మాదిగలను చేర్చుకున్నారు. అగ్రవర్ణాల పిల్లలు బడి వదిలి వెళ్ళిపోయారు. క్లౌ చేతిలో ఉన్న ఒకే ఒక్క "విజయం" ఆ రోజుతో పోయింది.

దేవుడి బలం మీద ఆధారపడడం అంటే దొరకు తన పథకం పోగొట్టుకోవడం. పేరయ్య వెంట వచ్చిన వాళ్ళకు అంతకంటే చాలా పెద్ద ఖర్చు. క్లౌ వాళ్ళకు మూడు నియమాలు చెప్పాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి సన్డే స్కూలు పాఠంలా ఉంటుంది. ఆనాటి పల్లెలో పెట్టి చూడండి. రైతు ఇంట్లో పశువు చస్తే దాన్ని ఈడ్చుకెళ్ళేది మాదిగ. ఆ మాంసం, ఆ తోలు అతని వాటా. బదులుగా రైతుకి చెప్పులు, కపిల తోలడానికి తోలుబాన, పగ్గాలు అతనే చేసివ్వాలి. జాతరకు డప్పు కొట్టేది అతనే. పంట పనికి ఆదివారం లేదు. మూడు నియమాలూ కలిసి ఆ కట్టుబాటునంతా కదిలించాయి. పని ఇవ్వడం మానేసిన ఊళ్ళున్నాయి, అబద్ధపు కేసులు పెట్టించిన ఊళ్ళున్నాయి. కాబట్టి అన్నం కోసం మారారు అని తేలిగ్గా అనేవాళ్ళు ఈ లెక్క కూడా చూడాలి. మామూలు రోజుల్లో మారితే దొరికేది అన్నం కాదు, ఉన్న గంజి కూడా పోవడం. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ మాదిగ పెద్దల నోటి మాటలు సేకరించి 1899లో "చెప్పులు కుడుతూ" అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. పేరయ్య గురించి మనకు తెలిసింది ఎక్కువగా దాని వల్లే.

రెండోసారి ఎదురైంది ధాత కరువులో.

1876లో వానలు లేవు, 1877లోనూ సరిగా లేవు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా లక్షలాది మంది చచ్చిపోయారు. భూమి లేని మాదిగ, మాల పల్లెలు ముందు కూలిపోయాయి. ప్రభుత్వం కరువు పనిగా తీరం వెంట కాలువ తవ్విస్తోంది. మనం బకింగ్‌హాం కాలువ అంటాం, అప్పటి గవర్నరు పేరు మీద. క్లౌ వెళ్ళి ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వేయరు చదువు అక్కడ అక్కరకొచ్చింది. రాజుపాలెంలో గుడిసెలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేల మందికి కూలి ఇప్పించాడు. మామూలు కరువు శిబిరాల్లో కూలీలను కొట్టడం, కూలిలో కోత ఉండేవి. ఇక్కడ అవి లేవని ఎక్కడెక్కడి నుంచో జనం నడిచి వచ్చారు. మధ్యాహ్నం అలసి చెట్ల కింద కూర్చున్నప్పుడు మేస్త్రీలు వాళ్ళతో మాట్లాడేవారు. ఆ మాటలు జనంతో పాటు వాళ్ళ ఊళ్ళకు వెళ్ళాయి.

బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్ళు వందలయ్యారు, వేలయ్యారు. క్లౌ ఆపేశాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ వరకు, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు.

నన్ను అడిగితే ఈ చరిత్ర మొత్తంలో "నా బలం కాదు" అన్న మాట నిజంగా అమలైంది ఇక్కడే. ఆలోచించండి. నలభై ఏళ్ళుగా బోస్టన్ అడుగుతున్న అంకెలు కళ్ళ ముందు నిలబడి ఉన్నాయి. మూసివేత దాకా వెళ్ళిన మిషన్. ఒక్క మాట అంటే చాలు, రిపోర్టు నిండిపోతుంది. కానీ ఆ రోజు ఆయన చేతిలో కూలి డబ్బుంది, కరువు సాయం నిధి ఉంది. ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పట్టుకుని నిలబడినవాడికి ఎంత బలం ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ బలంతో ఏ మతంలోకైనా మనుషులను తీసుకురావచ్చు. అది తన బలమో, దేవుడి బలమో తేల్చుకోవాలంటే తన బలాన్ని ముందు పక్కన పెట్టాలి. చేతులు ముడుచుకోమని కాదు. అన్నం పెట్టడం ఆపలేదు, అన్నం పెట్టి లెక్క రాసుకోవడం ఆపాడు.

1878 జూన్‌లో సాయం నిధి పని ముగింపుకొచ్చింది. బోధకులను, పాత క్రైస్తవులను ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మని కబురు చేశాడు. కొత్తగా బాప్తిస్మం అడిగేవాళ్ళను తీసుకురావద్దనే రాశాడు. అయినా వేల మంది వచ్చారు. క్లౌ లేచి నిలబడి, నా దగ్గర ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండి అన్నాడు. దానికి ఆ జనం చెప్పిన జవాబు సారాంశం ఇది: మాకు డబ్బు వద్దు. మా చేతుల బొబ్బలు చూడు, పని చేసే బతికాం, ఇకమీదా అలాగే బతుకుతాం. వచ్చే పంట కూడా పోతే చస్తాం. చచ్చేది క్రైస్తవులుగా చస్తాం, అందుకు బాప్తిస్మం ఇయ్యి.

ఇక కాదనలేకపోయాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536. ఆ రెండో రోజు సంగతి విన్నవాళ్ళు ఒక్క దొర అంతమందికి ఎలా ఇచ్చాడని అడుగుతుంటారు. నీళ్ళలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఉదయం కొంత, మధ్యాహ్నం తర్వాత కొంత, మొత్తం సుమారు తొమ్మిది గంటలు. అలవాటు కొద్దీ లెక్క వేశాను, మనిషికి అర నిమిషం పడుతుంది, సరిపోయింది. ఒడ్డున ఊరూరి పేర్లు చదివి పిలిచింది కూడా ఆ ఊళ్ళు తిరిగిన బోధకులే. ఆ ఏడాది చివరికి ఆరు నెలల లెక్క 9,606. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతి పెద్ద బాప్టిస్టు సంఘం ఒంగోలుదే అయింది.

పదిహేను నెలలు ఆగినంత మాత్రాన ఆకలి ప్రభావం పూర్తిగా తొలగిపోయిందా అంటే, లేదు. ప్రాణం నిలబెట్టిన మనిషి మీద కృతజ్ఞత ఉంటుంది. తమను మనుషుల్లా చూసిన గుంపులో కలవాలన్న కోరిక ఉంటుంది. అది తప్పని నేననుకోను. ఒక కులానికి ఊరి బయటే బతుకు రాసిపెట్టిన చోట, ఆ కోరికను దేవుడి పనిలోంచి వేరు చేసి తూచే తక్కెడ నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ తక్కెడ తన చేతిలో లేదని క్లౌకి కూడా తెలుసు, అందుకే ఆగాడు.

ఇదంతా చూడకుండానే డే గారు 1871లో అమెరికాలో పోయారు. ఆయన జీవితాంతం రాసిన నివేదికల్లో చెప్పుకోదగ్గ అంకె ఒక్కటి కూడా లేదు. పాత మిషన్ చరిత్రలు ఆయన్ని పునాది అంటాయి. బతికుండగా ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు, పైగా మూసేద్దామా అని అడిగారు.

మన దక్షిణాఫ్రికా శ్రోతల కోసం ఇంకొక్క సంగతి. 1860 నుంచి నాటాల్ చెరకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళలో మన కోస్తా జిల్లాల వాళ్ళు చాలామంది. వాళ్ళలో కొందరు బాప్టిస్టులు, తమకొక బోధకుడు కావాలని అడిగారు. అమెరికా వాళ్ళు కాదు, తెలుగు సంఘాలు సొంతంగా పెట్టుకున్న తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ ఆ పని తలకెత్తుకుంది. కరువు ఏడాదిన ఇవ్వడానికి డబ్బు లేదన్న మాట విని కూడా ఏటి ఒడ్డున నిలబడిన వాళ్ళు, వాళ్ళ పిల్లలు కానుకలు వేసుకునే సంఘాలవి. 1903లో జాన్ రంగయ్య గారిని ఓడ ఎక్కించారు. ఆ డిసెంబరులోనే కీర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య గారు పన్నెండేళ్ళు ఆ తోటలన్నీ తిరిగి, 1915లో ఆ నాటాల్‌లోనే కన్నుమూశారు.